దొందు కాపురం చూడబోతే

శ్రీకాకుళం కాంప్లెక్సులో ఆరుంపావు బస్సు ఎక్కేసరికే అలసిపోయి ఉన్నాను. రాష్ట్రం రెండయిన మరుసటి ఏడు, ఫాల్గుణ మాసం. ఒకే చేప కోసం ఇది నా మూడో ప్రయాణం.

కాలేజీలో ఇరవై ఎనిమిదేళ్లుగా జంతుశాస్త్రం చెబుతున్నాను. కొండవాగుల్లో ఉండే చిన్న దొందు చేప రాతి అడుగున, కప్పుకు అంటించినట్టు గుడ్లు పెడుతుందని, మగచేప తోకతో నీరు విసురుతూ వాటిని కాస్తుందని ఏటా బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాను. నేను మాత్రం ఎప్పుడూ చూడలేదు. వచ్చే ఏడు రిటైరవుతాను. చూడని సంగతి చెప్పి దిగిపోవాలంటే సిగ్గుగా ఉంది.

పక్క సీట్లో శ్రీకూర్మం వైపు ఆవిడ, ఎండుచేపల మూట కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చుంది. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"సముద్రం ఇంటెనకాల ఎట్టుకుని సేప కోసం కొండకెల్తన్నావేటి బాబూ? ఎంతుంటాదేటి?"

చిటికెన వేలు చూపించాను.

"ఇగురుకి రాదు, పులుసుకి రాదు. ఇంట్లోవోలు ఏటీ అనలేదా?"

అన్నారని ఒప్పుకున్నాను.

విజయనగరంలో ఎనిమిదింటికి దిగాను. బస్టాండు బయట ఇడ్లీ తిన్నాను. చట్నీ నీళ్లే గాని టీ బాగుంది. ఎనిమిదీ ఇరవై బస్సులో శృంగవరపుకోట దాకా నిలబడే వెళ్లాను. అక్కణ్ణుంచి అరగంట ఆటో, మరో అరగంట నడక. మోకాళ్లు నన్ను తిట్టుకుంటూనే వచ్చాయి.

గెడ్డ ఒడ్డున పైడమ్మ ఎదురుచూస్తోంది. ఇక్కడ వాగును గెడ్డ అంటారు. ఆవిడ పొలం దాని పక్కనే. గూడు దొరక్క నన్ను రెండుసార్లు ఉత్తచేతులతో పంపింది, ఈసారి తనే ఫోన్ చేయించింది. ఆ ఊళ్లో దొందుల్ని తట్టతో పట్టి వండుకుంటారు. కాని మగచేప కాపలా ఉన్న రాయి కనబడితే పక్కన ఒక పుల్ల గుచ్చుతారు. ఆ పుల్ల ఉన్నన్నాళ్లు రాయిని ఎవరూ ముట్టరు. గేదెల్ని కూడా కింది రేవుకు తోలుకుపోతారు.

"నీకని ఒప్పుకున్నాను. ఎత్తి సూడు గానీ, ఎలాగున్నదాన్ని అలాగే ఎట్టు బాబూ," అని చెప్పి మిరపతోటకు నీళ్లు కట్టడానికి వెళ్లింది.

మోకాలి లోతు నీళ్లు, తేటగా ఉన్నాయి. దొందు పెద్దగా ఈదదు, అడుగునే పడి ఉంటుంది. పొట్ట కింది రెక్కలు రెండూ కలిసి చిన్న గిన్నెలా ఉంటాయి. వాటితో రాతికి అతుక్కుంటే ఎంత వడి నీరైనా దాన్ని లాక్కుపోలేదు. కళ్లు నెత్తి మీద, ఒళ్లంతా ఇసుక రంగు. పుల్ల పక్క రాయి కింద ఒకటి మూతి మాత్రం బయటపెట్టి నన్నే చూస్తోంది.

రాయి ఎత్తాను. చేప చటుక్కున జారిపోయింది. రాతి అడుగున సగ్గుబియ్యం కంటే చాలా చిన్న గుడ్లు, ఒకదాని పక్కన ఒకటి. ప్రతి గుడ్డులోనూ రెండు నల్లచుక్కలు, పుట్టబోయే పిల్లల కళ్లు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు.

ఒక చేత్తో రాయి, ఒక చేత్తో ఫోను. రెండు ఫోటోలు తీసేసరికి నడుం పట్టేసింది. రాయి నీళ్లలో పెట్టేసి, గట్టెక్కి పెరుగన్నం పొట్లం విప్పాను.

తినడం అయ్యేసరికి పైడమ్మ తిరిగొచ్చింది. నీళ్లలోకి చూసింది.

"ఏటి సేసినావు బాబూ? ఇంటి కప్పు తీసి నేలకేసినావు."

రాయి తిరగేసి పెట్టేశాను. గుడ్లన్నీ ఆకాశంకేసి ఉన్నాయి. పరిగె చేపలు మూగి పొడుచుకు తింటున్నాయి. బొమ్మ గీసి చెప్పే పాఠం నా చేతులకే రాలేదు. ఆవిడ చీర ఎగదోపుకుని దిగి, పరిగెల్ని తోలి, రాయిని సరిగ్గా పెట్టింది. అప్పటికే సగం రాయి నున్నగా అయిపోయింది.

తిట్టి ఉంటే బాగుండేది. వచ్చి నా పక్కన కూర్చుంది. ఎక్కాల్సిన ఆటో వెళ్లిపోయింది. చాలాసేపటికి మగచేప దిగువ నుంచి ఆగి ఆగి వచ్చింది. రాయి వాకిట్లో కాసేపు నిలిచి లోపలికి దూరింది. తోక ఆడడం మొదలైంది.

"సగం పోయాయి కదమ్మా, మళ్లీ ఎందుకొచ్చాడు?" అన్నాను.

"ఉన్నోలకి ఎవుడు ఇసురుతాడు మరి?" అంది పైడమ్మ.

తిరుగుప్రయాణంలో అయిదున్నర బస్సుకు సీటు దొరికింది, నిద్ర మాత్రం పట్టలేదు. ఫోటోలు బాగానే వచ్చాయి. ఇరవై ఎనిమిదేళ్లు చెప్పింది నిజమేనని తెలిసింది, దానికి ఖరీదు ఎవరిచ్చారో కూడా తెలిసింది. వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుందని శృంగవరపుకోట దాకా బస్సు వేళలు రాశాను. అక్కణ్ణుంచి ఆటో ఏ దిక్కుకు పోయిందో, నేనెక్కడ దిగానో రాయలేదు. ఆ చేప మీద ప్రేమతో వెళ్లిన నేనే అంత పని చేసి వచ్చాను. ఆ దారి నాతో ఆగిపోనివ్వండి.