ట్రింకోమలీ చర్చిలో బుడ్డల వేలం

కంటి ఆపరేషన్ అయ్యాక "ఏం చూస్తావు మా?" అని అడిగితే అమ్మ "సముద్రం" అంది. పత్తికొండ పక్క పల్లెలో పుట్టి పెరిగిన మనిషి, ఇంకేం అడుగుతుంది! చెన్నై నుంచి శ్రీలంకకు వెళ్లొచ్చే ఓడకు ఇద్దరికీ టికెట్లు తీశాను. తీరా చూస్తే ఆదివారం ప్రయాణంలో పడింది, అమ్మ అడ్డం తిరిగింది. చూపు వచ్చాక పీకిన మొదటి బుడ్డలు, అదే, వేరుశనగ కాయలు, ఆ వారమే దేవునికి ఇస్తానని మొక్కుకుందట.

"ఆ రోజు ఓడ ట్రింకోమలీలో ఆగుతుంది. అక్కడా చర్చి ఉంది, నాదీ పూచీ," అని ఒప్పించాను.

పొద్దున్నే కర్నూలులో బస్సెక్కి, మైదుకూరు, కడప మీదుగా సాయంత్రానికి చెన్నై చేరాం. మరునాడు ఓడెక్కగానే అమ్మ రెయిలింగు పట్టుకుని నిలబడిపోయింది. "ఇన్ని నీళ్లుండి, గుక్కెడు తాగేదానికి పనికిరావు గదా!" అని నిట్టూర్చింది.

ఆదివారం ఎనిమిదికి ట్రింకోమలీలో దిగాం. మిగతావాళ్లు బస్సులో కోవెలకూ బీచికీ వెళ్లారు, మేం ఆటోలో చర్చికి. పన్నెండున్నరకు గేటు మూస్తామని, ఎవరికోసమూ ఆగమని ఓడవాళ్లు ముందే చెప్పారు.

ఆరాధనంతా తమిళం. వేలూరులో నర్సింగ్ చదివాను గనుక నాకు అర్థమైంది. అమ్మకు భాషతో పని లేదు. వేయించిన బుడ్డల సంచి బల్ల మీద పెట్టి, మోకరించి కండ్లనిండా ఏడ్చింది. పదకొండున్నరకు అందరూ లేచారు, అమ్మ లేవలేదు.

"లెయ్ మా, ఓడ పోతుంది!"

"యాలం కాకుండానే యాడికి లేసేది?"

నా తలకాయ! మా పల్లె చర్చిలో కోడి గానీ గుమ్మడికాయ గానీ, అర్పించిన దాన్ని ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. ఎవరో ఒకరు పాడుకునేదాకా ఇచ్చినవాళ్లు కదలరు. ఇక్కడ ఆ పద్ధతి లేదని చెప్పేసరికి అమ్మ ముఖం చిన్నబోయింది.

"పోయినేడు గొంతులైతే ఇన్యా గానీ, మన బుడ్డలు ఎవరు పాడుకున్యారో మొగం కనపడల్యా పాపా. ఈసారన్నా చూద్దామనుకుంటి."

పాస్టరుగారి దగ్గరికి వెళ్లి, వచ్చీరాని తమిళంలో సంగతి చెప్పాను. ఆయన పకపకా నవ్వి, గబగబా వరండాలోకి పోయి, చెప్పులేసుకుంటున్న వాళ్లను వెనక్కి పిలిచారు. వాళ్లకు ఇదంతా కొత్త సరదా. ఒకరు మొదలుపెడితే మరొకరు పెంచారు. చివరికి చేపలమ్మే ఒక పెద్దావిడ పాడుకుంది. సంచి చంకన పెట్టుకుని ఆమె దగ్గరికి వస్తే, అమ్మ రెండు చేతులతో ఆ చెంపలు పట్టుకుని చూస్తూనే ఉంది. గడియారమేమో పన్నెండు దాటింది.

"పా మా, పా!"

అందరికన్నా చివర గేటు దాటింది మేమే. కాపలా అతను తిట్టాడు. తిట్టనీ, నేను దండం పెట్టాను. ఊరూ పేరూ తెలియని మాకోసం చర్చంతా ఆగింది, ఆ మేలు మరిచిపోలేను.

తిరుగు ప్రయాణంలో, మైదుకూరు దాటాక, పక్క సీటు రైతు మా మాటలు విని పలకరించాడు.

"సముద్రం చూసొచ్చినావంట గదమ్మా, ఎట్లుండాది?"

"శానా నీళ్లప్పా," అంది అమ్మ. తన ముక్కు పక్కన వేలు పెట్టి చూపించింది. "మా బుడ్డలు పాడుకున్న యమ్మకు ఈడ సిన్న పుట్టుమచ్చ ఉండాది."