సబ్బుకు పోని రంగు

మా నాన్న పెంచిన కెనరీ పిట్టలు పసుపుపచ్చగా ఉండేవి. మా ఆయన పెంచినవీ పసుపుపచ్చగానే ఉండేవి, ఒక వానాకాలం దాకా. ఆ వానల్లో అవి ఎర్రబారాయి. ఎనభైల మధ్యలో జరిగిన సంగతి ఇది. ఇన్నేళ్లయినా ఆ దిగ్భ్రాంతి నన్ను పూర్తిగా వదల్లేదు. చెబుతూ చెబుతూ ఎక్కడైనా గొంతు పెంచితే ఏమీ అనుకోకండి. ఏడో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పిన గొంతు, మామూలుగానే పెద్దది.

మాది చిలకలూరిపేట శివారు. ఇంటి వెనక పత్తిచేలు, పక్కన మిరపకాయలు ఆరబోసే కల్లం. నాన్న మిషనాసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైనవాడు. అక్కడ పనిచేసిన దొరసాని డాక్టరు తన దేశం వెళ్లిపోయేటప్పుడు ఒక జత కెనరీలను పంజరంతో సహా నాన్నకు అప్పగించింది. పిచ్చుకంత పిట్టలు. మగది పాడితే వీధిలో పోయేవాళ్లు సైకిలు దిగి నిలబడేవారు. నాన్న వాటికి పిల్లలు తీయించి, ఆ పిల్లలకు మళ్లీ పిల్లలు తీయించి, నేను ఉద్యోగంలో చేరేసరికి వసారా నిండా పంజరాలు పెట్టాడు.

మందులు కలిపిన చేతులు కదా, అన్నీ కొలతే. కొర్రలు ఇన్ని, నువ్వులు ఇన్ని, ఉడికించిన గుడ్డులో పచ్చసొన చెంచాడు. పెట్ట గుడ్డు పెట్టిన ప్రతి ఉదయమూ దాన్ని మెల్లగా తీసి దూదిలో దాచి, దాని చోట సుద్దముక్కతో చెక్కిన ఉత్తుత్తి గుడ్డు పెట్టేవాడు. నాలుగో గుడ్డు పడ్డాక అసలువన్నీ ఒకేసారి పొదుగుకు పెడితే పిల్లలన్నీ ఒకే రోజు లేస్తాయి, కడగొట్టుది పెద్దవాటి కింద నలిగి చావదు. మే నెలలో పంజరాల చుట్టూ తడి గోనెపట్టాలు కట్టి, అవి ఆరిపోకుండా చూడటానికి మధ్యాహ్నం నిద్ర మానేసేవాడు. అమ్మ తలనొప్పని మాత్ర అడిగితే మాత్రం డబ్బాలో ఉంది చూసుకోమనేవాడు.

మా ఆయన కారం మిల్లులో సూపర్‌వైజరు. మిల్లు మా ఇంటికి నడిచిపోయేంత దూరం, నా బడి కూడా అటే. అందుకని పెళ్లయ్యాక అమ్మావాళ్లింట్లోనే ఉండిపోయాం. ఇల్లరికం అల్లుడని ఆదివారం ప్రార్థనకు గుళ్లో కలిసే ఆడవాళ్లు నవ్వుతూ అనేవాళ్లు. ఆయనా నవ్వేవారు, కానీ ఆ పూట అన్నం తక్కువ తినేవారు. ఆ ఇంట్లో ఆయనకంటూ ఉన్నది ఆయన మాట ఒక్కటే. కూర్చునే కుర్చీ కూడా మా నాన్నదే.

పంజరాల్లో పిట్టలను చూస్తే ఆయనకు ఊపిరాడేది కాదు. ఆరుబయట పెద్ద జాలీగది కట్టి వదిలితే, ఎగిరి, ఎండ తగిలి, తమకు నచ్చిన జత తామే చూసుకుని బలమైన పిల్లల్ని కంటాయని ఆయన వాదన. అయితే మామగారికి ఎదురు చెప్పకూడదు కాబట్టి ఆ వాదన నాకు చెప్పేవారు. నేను వసారాలోకి వెళ్లి నాన్నకు చెప్పేదాన్ని. పిల్లులు, పాములు, పత్తికి కొట్టే మందు, వీటన్నిటికీ ఎవరు కాపలా ఉంటారని నాన్న నన్ను అడిగేవాడు. ఏ పెట్ట ఏ పుంజుతో కలిసిందో తెలీకుండా పుట్టిన పిల్లను ఎవరికైనా ఏమని చెప్పి ఇవ్వాలనేవాడు. అల్లుడిగారిని మొహం మీద కాదనకూడదు కాబట్టి అదీ నేనే మోసుకెళ్లాలి. ఇద్దరి మధ్య పన్నెండు అడుగుల దూరం. మూడేళ్లలో వాళ్లిద్దరూ నేరుగా మాట్లాడుకున్నది ప్రార్థనలో ఆమెన్ అన్నప్పుడేనేమో.

చివరికి మా ఆయన పెరట్లో జాలీగది కట్టారు. రెండు వరసల జాలీ, ఎలుకలు తవ్వకుండా నేలలోకి దిగేసిన రేకు, పైన తాటాకు, పత్తిచేను వైపు టార్పాలిన్. చేలో మందు కొట్టే రోజున ఆ టార్పాలిన్ దించి కట్టేసేవారు. నాన్న ఆరు నెలలు ఆలోచించి నాలుగు పిట్టలిచ్చాడు. కూతుర్నివ్వడానికి అంత ఆలోచించలేదు. వసారాలో పిట్టలకు గుడ్డుసొన తానే కొలిచి పెట్టేవాడు గానీ, జాలీగదిలో కాలు పెట్టేవాడు కాదు. మా ఆయన తెల్లారక ముందే మిల్లుకు వెళ్లేవారు, నేను బడికి. అందుకని జాలీగది పిట్టలకు గుడ్డు పెట్టే పని అమ్మ మీద పడింది. మొదట్లో దాన్ని కోళ్లగూడు అని వెక్కిరించిన అమ్మ, తర్వాత ముక్కాలిపీట వేసుకుని అందులోనే కూర్చుని బియ్యం ఏరుకునేది.

చలికాలం చివర్లో అందులో మూడు పిల్లలు లేచాయి. ఉత్తుత్తి గుడ్లు లేవు, కొలతలు లేవు, అయినా మూడూ బతికాయి. ఆ మూల నుంచి ఈ మూలకు ఒక్క ఊపున ఎగిరేవి. నాన్న పళ్లు తోముకునే వంకతో స్నానాలగది గోడ పక్కన నిలబడి వాటినే చూసేవాడు. వేసవిలో ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ మా ఇంటికి వచ్చింది. నాన్న పాతికేళ్లు ఆవిడ రాసిన మందు చుక్క తేడా లేకుండా కలిపాడు. ఆవిడ వసారాలో పంజరాలన్నీ చూసి, పెరట్లోకి వచ్చి, ఆ మూడింటిలో రెండు తనకు కావాలంది. వానల్లో ఈకలు మార్చుకుని నిగనిగలాడాక వచ్చి తీసుకెళ్తానంది. మా ఆయన ఆ సాయంత్రం రెండోసారి అన్నం పెట్టించుకున్నారు.

వానలు మొదలయ్యాయి. పిట్టలు పాత ఈకలు రాల్చాయి. కొత్తవి వస్తుంటే మొదట రొమ్ము మీద ఏదో ఛాయ మారినట్టు కనిపించింది. మబ్బు వెలుతురేమో అనుకున్నాను. దసరా సెలవులకు చూద్దును కదా, మెడ, రొమ్ము, వీపు అంతా నారింజ తొక్క రంగు. పిల్లల రెక్కలు, తోకలు మాత్రం పాత పసుపే. ఒళ్లు ఒక రంగు, రెక్కలు ఒక రంగు. వసారాలో పిట్టలు మాత్రం ఎప్పటిలాగే పసుపుపచ్చగా ఉన్నాయి. వసారాకూ పెరటికీ నాలుగుసార్లు తిరిగి చూశాను.

నాన్న ఒక్కసారి వచ్చి చూసి వెళ్లిపోయాడు. తర్వాత నన్ను పిలిచి గొంతు తగ్గించి చెప్పాడు.

"సంతలో కోడిపిల్లలకి గులాబీరంగు పూసి అమ్ముతారు చూశావా, ఇదీ ఆ పనేనమ్మా. నా పిట్టలకన్నా తన పిట్టలు బాగుండాలని చేసుంటాడు. రెక్కలకి పూయటం మర్చిపోయాడు."

అప్పటికే నా కళ్లు మా ఆయన వేళ్ల మీదకు పోయాయి. కారం మిల్లులో పనిచేసే మనిషి, గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఎరుపే. పెళ్లయినప్పట్నించీ రోజూ చూస్తున్న ఎరుపు ఆ రోజు నాకు కొత్తగా కనపడింది. రంగు వేశారా అని అడిగాను. వేయలేదన్నారు. మరి ఎలా వచ్చిందన్నాను. తెలీదన్నారు. అంతే. నేను లెక్కల టీచర్ని. జవాబు ఒక్కటే ఉండి, ఎలా వచ్చిందో చూపించకపోతే సున్నా వేసే అలవాటు.

నవంబరులో ఒక శనివారం పొద్దున డాక్టరమ్మ కబురు పంపింది, రేపు గుళ్లో ప్రార్థన అయ్యాక వచ్చి పిట్టల్ని తీసుకెళ్తానని. నాన్న టిఫిను ముట్టలేదు. పిట్టలు రెండూ చచ్చిపోయాయని చెప్పమని నాతో అన్నాడు. ఒక సీసా మీద తప్పు చీటీ అంటించినందుకు మూడు రోజులు నిద్రపోని మనిషి, రంగు పూసిన పిట్టల్ని అంటగట్టాడనిపించుకోవడం కన్నా అబద్ధం ఆడటమే నయమనుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నాన్న మీద కాదు, మా ఆయన మీద. ఇవాళ ఇది తేల్చేస్తాను అనుకున్నాను.

మా ఆయన మిల్లులో ఉన్నారు. అమ్మ బజారుకెళ్లింది. బయట ముసురు. నేను జాలీగదిలోకి వెళ్లి డాక్టరమ్మ ఎంచుకున్న మగపిల్లను పట్టుకుని బావి దగ్గరికి తెచ్చాను. బకెట్లో చన్నీళ్లు. వేడినీళ్లు కలపాలన్న ధ్యాస కూడా లేదు. ఒంటిసబ్బు నురగ చేసి, రొమ్ము మీద, వీపు మీద, మురికి చొక్కా కాలరు రుద్దినట్టు రుద్దాను. పిట్ట మొదట పొడిచింది. తర్వాత పొడవడం మానేసింది. నేను చూస్తున్నది పిట్టను కాదు, నీళ్లను. నీళ్లలో రంగు దిగలేదు. తెల్ల తువ్వాలుతో ఒత్తి తుడిచి తువ్వాలు చూశాను. తెల్లగానే ఉంది. ఇంకోసారి సబ్బు పెట్టాను, ఇంకోసారి తుడిచాను. తువ్వాలు తెల్లగానే ఉంది. ఈకల కింద దాని గుండె నా బొటనవేలికి తగులుతూ ఉండేది, గబగబా, గబగబా. ఉన్నట్టుండి తగల్లేదు.

చెయ్యి తెరిచాను. తడిసిపోయి బొటనవేలంత ఉంది. అది చనిపోయిందన్న సంగతి అర్థం కావడానికి నాకు చాలాసేపు పట్టింది. తువ్వాలులో చుట్టాను, ఊదాను, నా జాకెట్టు కింద పెట్టుకుని వెచ్చబెట్టాను. అమ్మ సంచీతో పెరట్లోకి వచ్చేసరికి నేను బావి గట్టు మీద అలాగే కూర్చుని ఉన్నాను. రంగు పోతుందేమోనని కడిగానన్నాను.

"రంగేంటే?" అంది అమ్మ. "వానలప్పుడు ముడుచుక్కూర్చుంటే పడిశం పట్టిందేమోనని గుడ్డులో కాస్త కారం కలిపి పెట్టా. లొట్టలేసుకుని తిన్నాయి. అప్పట్నించీ రోజూ అదే పెడతన్నా. ఒంటికి కళొచ్చిందనుకున్నాగానీ, రంగేంటి?"

మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అరిచాను. నిజంగానే అరిచాను, పక్క కల్లంలో వాళ్లు కూడా తల తిప్పి చూశారు. అమ్మ సంచీ కింద పెట్టి, తననెవరు అడిగారంది. అది నిజం. నెలన్నరగా ఆ పిట్టల గురించి నాన్న నాతో మాట్లాడుతున్నాడు, మా ఆయన నాతో మాట్లాడుతున్నారు. నేను అటూ ఇటూ తిరుగుతున్నాను. రోజూ వాటి నోటికి తిండి అందించే మనిషిని ఒక్కరమూ ఒక్క మాట అడగలేదు.

మా ఆయన సాయంత్రం వచ్చారు. బావి గట్టు మీద తువ్వాలు, పక్కనే సబ్బుపెట్టె. నేను వాటిని తీయలేదు, తీసి దాచడం మరీ నీచమనిపించింది. ఆయన తువ్వాలు విప్పి చూశారు. కారం సంగతి అంతా చెప్పాను. ఆయన అది సరిగా విన్నట్టు కూడా లేదు. ఒక్కటే అడిగారు.

"మీ నాన్నగారు కడగమన్నారా?"

"లేదు. నేనే."

ఆయన తువ్వాలు మళ్లీ చుట్టారు. "ఆయన చెప్తే కడిగావనుకున్నా" అన్నారు తర్వాత. ఆ పిట్టను జాలీగది పక్కన పూడ్చి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్లారు. నాకు ఆ క్షణంలో కలిగిన సిగ్గు మళ్లీ ఎప్పుడూ కలగలేదు. నన్ను కొట్టినా, తిట్టినా తేలిగ్గా ఉండేది.

ఆదివారం డాక్టరమ్మకు నాన్న నిలబడి జరిగినదంతా చెప్పాడు, అబద్ధం లేకుండా. ఆవిడ వసారాలోంచి ఒక పసుపు జతను తీసుకెళ్లింది. కారం తింటే ఈకలు ఎర్రబడతాయన్న మాట మాత్రం నాన్న అంత తేలిగ్గా నమ్మలేదు. కారం ఎక్కడ, ఈక ఎక్కడ అన్నాడు. మరుసటేడు వానలు మొదలవగానే ఒక పంజరం వేరు చేసి, అందులో పిట్టకు గుడ్డుసొనలో కారం తూచి కలిపి తానే పెట్టాడు. మాకెవరికీ చెప్పలేదు. రెండు నెలల తర్వాత నేను బడి నుంచి వచ్చేసరికి, ఆ పంజరం ఒళ్లో పెట్టుకుని వసారాలో కూర్చుని ఉన్నాడు. పిట్ట నారింజ రంగులో ఉంది.

"పిల్లలకి మొదటిసారి ఒంటి ఈకలే రాల్తాయమ్మా, రెక్కలవి రాలవు. పాత ఈకలు పాత రంగులోనే ఉంటాయి. నాకీ సంగతి మొదట్నించీ తెలుసు. మర్చిపోయాడని నేనే అన్నాను" అన్నాడు.

ఆ రోజు మా ఆయనకు సెలవు. నాన్న లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా, పంజరం పట్టుకుని పెరట్లోకి నడిచాడు. నేను వెనకే వెళ్లాను, ఏదైనా చేరవేయాల్సి వస్తుందేమోనని. అవసరం రాలేదు.

"అల్లుడుగారూ, తప్పు నాది. దీన్ని కూడా మీ దగ్గరే ఉంచండి" అన్నాడు నాన్న.

మా ఆయన రెండు చేతులతో పంజరం అందుకున్నారు. తర్వాత ఇద్దరూ జాలీగది ముందు నిలబడి టార్పాలిన్ గురించో దేని గురించో చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను ఆ మాటలు వినడానికి కూడా దగ్గరికి పోలేదు, ఏడుపొచ్చింది. నాన్న లోపలికి వెళ్లాక ఆగలేక మా ఆయన దగ్గరికి పరిగెత్తాను. ఏడాదిగా నా మెడ మీద ఉన్న బరువు దిగిపోయినట్టుంది.

"చూశారా? రంగు వేయలేదని మీరన్నదే నిజమైంది" అన్నాను.

"అది నాకు తెలుసుగా" అన్నారు.

కోపంగా అనలేదు. లోపలున్న నీళ్ల గిన్నె బయటికి తీసి, కడిగి నింపి, మళ్లీ పెట్టి, జాలీ తలుపు గడియ వేశారు.