మందుకు ముందు పథ్యం

లాక్‌డౌన్ వచ్చిన వసంతంలో నా బుర్ర పనిచేయడం మానేసింది. డబ్లిన్ చివర సిటీవెస్ట్‌లో మా ఫ్లాట్, వంటగది బల్ల మీద లాప్‌టాప్, కొత్త ఉద్యోగం. ఒక మెయిల్ చదవడం మొదలుపెడితే సగంలోనే ఫోన్ చేతిలోకి వచ్చేసేది. ప్రొబేషన్ గట్టెక్కకపోతే ఉద్యోగం పోతుంది, దాంతో ఇక్కడ ఉండనిచ్చే వర్క్ పర్మిట్టూ చిక్కుల్లో పడుతుంది. మా ఆయన వేరే ఊళ్ళో, లిమరిక్ హాస్పిటల్ డ్యూటీల్లో ఇరుక్కుపోయాడు. ఇంట్లో మిగిలింది నేనూ, చూసిపోదామని వచ్చి విమానాలు ఆగిపోవడంతో ఉండిపోయిన మా అత్తగారూ.

ఎదురు ఫ్లాట్లో యోగా నేర్పే ఐరిష్ అమ్మాయి నా అవస్థ చూసి, గుమ్మం దగ్గర ఒక చిన్న డబ్బా పెట్టి, దూరంగా జరిగి నిలబడింది. మ్యాజిక్ మష్రూమ్స్, అదే, మత్తెక్కించే పుట్టగొడుగుల పొడి నింపిన క్యాప్సూల్స్. "చిటికెడే ఉంటుంది. పిచ్చి పిచ్చివి ఏమీ కనబడవు. మనసు ఒకచోట నిలుస్తుంది, అంతే. యూ విల్ బీ గ్రాండ్," అంది. ఏం ఫరవాలేదనడానికి వీళ్ళ మాట అది. గ్రాండేమిటి నా మొహం! ఇక్కడ అవి దగ్గరుంటేనే నేరం. గార్డ్స్, అంటే ఇక్కడి పోలీసులు, వచ్చి తలుపు కొడతారేమోనని భయం. అయినా ఆశ చావదు కదా. డబ్బాను అలమరలో కందిపప్పు వెనక దాచాను. మా అత్తగారు తిరిగే వంటింట్లో! అదీ నా తెలివి.

"ఏంటమ్మాయ్ ఇవి?"

"జ్ఞాపకశక్తికండీ అత్తయ్యగారూ. ఒకలాంటి ఆయుర్వేదం," అన్నాను నోటికొచ్చింది.

"మరి పథ్యం ఏంటి?"

"పథ్యం ఏమీ లేదండీ."

"పథ్యం లేని మందేవిటే నీ బొంద! ముందు ఒళ్ళు శుద్ధవ్వాలి. ఆ తర్వాత మంచి రోజు చూసి వేసుకోవాలి."

డబ్బా ఆవిడ స్వాధీనమైంది. నా పథ్యం మొదలైంది. కాఫీ బంద్. ఊరగాయ బంద్. వంకాయ పేరెత్తకూడదు. బీరకాయ దొరక్క కోర్జెట్ అనే ఇక్కడి కాయనే బీరకాయ అనుకుని వండిన కూర, చారన్నం. పని మొదలయ్యే ముందు ఫోన్ ఆవిడకి అప్పజెప్పాలి. "కళ్ళకీ పథ్యం ఉండాలి," అని దాన్ని బియ్యం డబ్బాలో పడేసేవారు. రాత్రి తొమ్మిదికి, బయట ఇంకా వెలుగుండగానే, దుప్పటి ముసుగు. మొదటి వారం ఆవకాయ కల్లోకొచ్చింది, ఒట్టు!

సాయంత్రమైతే నడక. నేత చీర మీద మా ఆయన రెయిన్ జాకెట్, తలకి మంకీ క్యాప్, కాళ్ళకి నా స్పోర్ట్స్ షూస్, అదీ మా అత్తగారి అవతారం. ఖాళీ లువాస్ ట్రామ్ వెళుతుంటే చుట్టాలెవరో వెళుతున్నట్టు చెయ్యి ఊపేవారు. ఒకరోజు డ్రైవర్ బదులుగా గంట కొట్టాడు. ఇక చూసుకోండి, ఇద్దరం పట్టాల పక్కన పొట్టలు పట్టుకుని నవ్వాం. అంత నవ్వు ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలియదు.

మంచి రోజు మాత్రం రాదే! మంగళవారం మందు మొదలెట్టకూడదు. ఆ తర్వాత అమావాస్య. ఆ తర్వాత అష్టమి. ఓసారి అన్నీ కుదిరితే, "వర్జ్యం మన టైముకా, వీళ్ళ టైముకా?" అని పంచాంగం ముందేసుకు కూర్చున్నారు. ఆ రోజూ గడిచిపోయింది. నేను ఫోన్ లేక, దిక్కుతోచక, పని చేసుకుంటూ పోయాను. మెయిళ్ళు చివరిదాకా చదువుతున్నాను. మీటింగుల్లో నోరు విప్పుతున్నాను. ఒట్టి పథ్యానికే ఇలా ఉంటే, మందు పడితే ఇంకెలా ఉంటుందోనని ఒకటే ఉబ్బిపోయాను.

వేసవి చివర్లో మేనేజర్ స్క్రీన్ మీద కనిపించి ప్రొబేషన్ పాసయ్యావన్నాడు. లాప్‌టాప్ మూసి, ఒక్క గెంతు గెంతి, అత్తగారి చేతులు పట్టుకున్నాను. వంటింట్లోనే ఒప్పులకుప్ప తిరిగాం.

"ఇక ఆగనండీ అత్తయ్యగారూ! ఇవాళ ఆ మందు వేసేసుకుంటా. రోజు బావుందా?"

ఆవిడ ఆయాసపడుతూ కుర్చీలో కూలబడ్డారు. "మందెక్కడిదే? ఆ మర్నాడే తీసుకెళ్ళి ఆ పిల్లకిచ్చేశా. ఇందులో ఏముందని సైగ చేస్తే చేత్తో గొడుగు పట్టి చూపించింది. పుట్టగొడుగులని అర్థమైంది. తర్వాత కళ్ళు గిర్రున తిప్పింది. అదీ అర్థమైంది."

"మరి ఆ అమావాస్యలూ, అష్టములూ?"

"మంచి రోజులు బోలెడొచ్చాయి. నేనే చెప్పలేదు."

ఆవిడ బియ్యం డబ్బాలోంచి నా ఫోన్ తీసి, కొంగుతో తుడిచి చేతిలో పెట్టారు.

"ఉద్యోగం పోతే ఇంకోటొస్తుందే పిచ్చిమొహమా. నీకేదన్నా అయితే ఇంకో కోడల్ని వెతికే ఓపిక నాకు లేదు. పో, వాడికి ఫోన్ చేసి చెప్పు. కాఫీ కలుపుతా."