అనుభవం లేదని పడేసిన ప్రకటన

ఈ రోజు మా ఆయన పేపర్లో పేటెంట్ ఎగ్జామినర్ ఉద్యోగాల ప్రకటన చూశారు. ఎవరైనా కనిపెట్టిన యంత్రం నిజంగా కొత్తదేనా అని తేల్చే ప్రభుత్వ ఉద్యోగమట. రేపే గడువు. ఆయన ఇంజనీరింగ్ చదివి, పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లులో చేరి ఆరు నెలలే అయింది.

"అనుభవం అడిగారు, మనకు రాదులే" అని పేపరు పడేశారు.

నేను చదివింది ఐదో తరగతి. మిరపకాయల తొడిమలు తీయడం ఆపి, వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ ఆ ప్రకటన చదివాను. పక్కనే మామగారు కూర్చున్నారు. చివరికి మెల్లగా చెప్పాను.

"డిగ్రీ తప్పనిసరి అన్నారండీ. అనుభవం ఉంటే మంచిదని మాత్రమే రాశారు."

మామగారు నవ్వారు. "ఏరా, పేపరే పూర్తిగా చదవనోడివి, యంత్రాలేం పరీక్షిస్తావురా?"

ఆయన సాయంత్రం నెట్ సెంటర్లో అప్లికేషన్ పెట్టి, ఇంకో ప్రకటన తెచ్చి, చదివి చెప్పమని నా చేతిలో పెట్టారు. మీ ఇళ్ళలోనూ ఇలా గబగబా చదివేవాళ్ళున్నారా?