రవికెగుడ్డలో చుట్టిన బహుమతి

నిన్న మా దీవిలోని షాదీపూర్‌లో ఒక పుట్టినరోజుకి అమ్మతో వెళ్లాను. అక్కడ ఒకమ్మాయి తను తెచ్చిన బహుమతిని గుడ్డలో మూటకట్టి చూపిస్తూ, "ఇది జపాన్ స్టైల్, దీదీ!" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది.

జపానట! మన తెలుగువాళ్ల పేట బతు బస్తీ నేస్తాల్లారా, మన అమ్మలు రవికెగుడ్డలో చుట్టి, ముడిలో మందారం గుచ్చి ఇచ్చేవాళ్లు, గుర్తుందా? కాగితమైతే చించి పారేస్తారు, గుడ్డయితే జాకెట్టవుతుందని. నా చిన్నప్పుడు ఫెర్రీ ఎక్కి ఒక పుట్టినరోజుకి వెళ్తే, బాంబూఫ్లాట్‌లో ఒకావిడ మా అమ్మ కళ్లముందే, అమ్మ చుట్టి తెచ్చిన గుడ్డతో కేకు క్రీము తుడిచింది. "అరే, గిఫ్ట్ పేపర్ దొరకలేదా దీదీ?" అని నవ్వింది కూడా. తిరుగు ఫెర్రీలో అమ్మ నోరు విప్పలేదు.

నిన్న విప్పింది.

"ఆ గుడ్డ జాకెట్టుకి సరిపోతాదా, బేటీ?"

"లేదాంటీ, చుట్టడానికే."

"మాదైతే సరిపోయేది."