మా సార్ చీపురు, నా కంప్యూటర్ మెమరీ

ఆ రోజుల్లో కంప్యూటర్ నేర్చుకున్నవాళ్లకి ఆఫీసులో కుర్చీ తుడిచి మరీ కూచోబెడతారని మా ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని డబ్బాలో చద్దన్నంతో పాటు సర్దుకుని, పద్మనాభంలో బస్సెక్కి, సగం దారి నిలబడి, పోర్టు దగ్గరున్న ఆఫీసుకి వెళ్లేదాన్ని. ఓడల్లో వచ్చిన సరుకు బయటికి తేవడానికి కావలసిన కాగితాలు తయారుచేసే ఆఫీసది. అక్కడ నాకు దొరికింది గౌరవం కాదు, ఒక ముసలి కంప్యూటరూ, ఒక మేనేజరూను. ఆయనకి శుభ్రం పిచ్చి. ఎక్కడ ఏం కనిపించినా 'తీసెయ్, తుడిచెయ్' అనేవాడు. అందుకని మేం చాటుగా చీపురు సార్ అనేవాళ్లం. (మేమంటే నేనూ, యారాడ ఊర్నించి వచ్చి నా పక్క సీటులో కూచునే యారాడ అన్నయ్యా.)

ఒకరోజు సార్ నా వెనకాల నిలబడి స్క్రీన్ మీదికి వంగాడు. మెమరీ దాదాపు నిండిపోయినట్టు చూపిస్తోంది.

"ఏటమ్మా ఇది? ఏం ఎక్కించీసావు దీన్లో? సినిమాలా?"

"లేదు సార్. మనం వాడే ఫైళ్లని కంప్యూటరే ఖాళీ మెమరీలో దగ్గరగా పెట్టుకుంటుంది. మళ్లీ అడిగితే డిస్క్‌లో వెతక్కుండా వెంటనే ఇస్తుంది. ఇంకో ప్రోగ్రాముకి చోటు కావాలంటే తనే ఖాళీ చేస్తుంది. దాన్నే క్యాష్ అంటారు."

"క్యాష్ సంగతి ఎకౌంట్స్ వాళ్లు చూసుకుంటారు. నువ్వు మెమరీ సంగతి చూడు!"

ఆఫీసంతా నవ్వింది. నా చెవులు వేడెక్కిపోయాయి. సాయంత్రానికల్లా ఆయన బావమరిది ఎవరో చెప్పాడని ఒక ప్రోగ్రాము తెచ్చి నా కంప్యూటర్లో వేయించాడు. దాని బొమ్మ కూడా చీపురే! అది కాసేపటికోసారి లేచి మెమరీ మొత్తం ఊడ్చేస్తుంది. అంకె సర్రుమని కిందికి దిగుతుంది. అది దిగినప్పుడల్లా సార్ మొహంలో తలంటు పోసుకున్నంత హాయి.

నా ప్రాణానికి మాత్రం అక్కణ్ణుంచీ తిప్పలు మొదలయ్యాయి. ఇప్పుడే మూసిన ఫైలు మళ్లీ తెరవాలన్నా ఆ ముసలి డిస్క్ గరగరమంటూ మొదట్నించీ చదవాలి. చదివి కాస్త దగ్గర పెట్టుకునేలోపు చీపురు వచ్చి ఊడ్చి పారేస్తుంది. గేటు దగ్గర లారీలు ఆగిపోయి, డ్రైవర్లు ఫోన్లో నన్ను తిట్టేవాళ్లు. సరుకు తాలూకు పార్టీలు సార్‌ని తిట్టేవాళ్లు. ఆ తిట్లన్నీ మూట కట్టుకొచ్చి సార్ నా నెత్తిన దించేవాడు. "కంప్యూటర్ శుభ్రంగానే ఉంది. నీ చెయ్యే స్లో!"

నా చెయ్యి స్లోనా? చూడకుండా టైపు కొట్టే చెయ్యి! ఆ మాటకి నాకొచ్చిన కోపానికి డబ్బాలో అన్నం కూడా సయించలేదు. "పోన్లేవే సెల్లీ, ఆయనతో మనకేటి?" అన్నాడు యారాడ అన్నయ్య. ఆయన మీదా కోపమొచ్చింది.

మర్నాడు ఒక పెద్ద పార్టీ వచ్చి సార్ ఎదురుగా కూచున్నాడు. కాగితాలు ఇమ్మని నన్ను పిలిచారు. ఇచ్చాను. సార్ కళ్లజోడు తీసి పక్కన పెట్టగానే తీసుకెళ్లి బీరువాలో పెట్టాను. పెన్ను కింద పెట్టాడు, అదీ బీరువాలోకే. తరవాత ఆఫీసు ముద్ర. (బీరువా తలుపు నేను కాస్త గట్టిగానే వేసుంటాను.)

"నా కళ్లజోడేదీ?"

"బీరువాలో ఉంది సార్. తెస్తాను." తెచ్చాను. ఆయన చదివి కింద పెట్టాడు. మళ్లీ పట్టుకుపోయాను.

"పెన్నేదమ్మా!"

"బీరువాలో సార్."

"ఏటీ పని? మతి పోయిందా నీకు?"

"టేబుల్ ఖాళీగా ఉంటేనే కదా సార్ స్పీడు! నా కంప్యూటర్‌కి మీరు చేయించింది ఇదే. ఇప్పుడు చెప్పండి, మీ చెయ్యి స్లోనా?"

పార్టీ పకపకా నవ్వాడు. సార్ మొహం కందగడ్డయింది. "రేపట్నించి రావద్దు!" అని అరిచాడు. సాక్ష్యం కోసమన్నట్టు యారాడ అన్నయ్య వైపు తిరిగితే, "నానేటీ సూడనేదు సార్" అని ఆయన ఫైల్లో తలదూర్చేశాడు.

"రాను! ముందు ఆ చీపురు తీయించండి" అన్నాను. లారీలు ఆగిపోయి ఉన్న ఆ పార్టీయే, "తీసి చూడమనండి సార్, పోయేదేముంది?" అన్నాడు. తీసేసి, కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాను. ఫైలు నొక్కాను. గరగర. ఎంతకీ తెరుచుకోదు. సార్ చేతులు కట్టుకుని, "చూశారా?" అన్నాడు. మొదటిసారి డిస్క్ నుంచి రావాల్సిందే కదా! పళ్లు బిగబట్టి, తెరుచుకున్నాక మూసి, మళ్లీ నొక్కాను. కళ్లు మూసి తెరిచేలోగా ఎదురుగా ఉంది. ఇంకోటి. ఇంకోటి. మధ్యాహ్నానికి మెమరీ నిండా నిండింది, లారీలు కదిలాయి.

సార్ ఏమన్నాడంటారా? "నేను మొదట్నించీ చెప్తూనే ఉన్నాను, అడ్డమైన ప్రోగ్రాములూ వెయ్యొద్దని!" నన్ను రావద్దన్న మాట మాత్రం ఇక ఎత్తలేదు.

గెలిచి కూడా బస్సులో పళ్లు కొరుక్కుంటూనే ఇంటికెళ్లాను. పక్కన కూచున్నావిడ భయపడి, "ఎవులైనా ఏటైనా అన్నారేటమ్మా?" అని అడిగింది. ఆనందపురం దాటేదాకా ఆవిడకి క్యాష్ గురించే చెప్పాను, పాపం.

ఇప్పుడు నాకూ ఒక గదీ, తలుపు మీద పేరూ ఉన్నాయి. మొన్న మీటింగులో మా పై ఆఫీసరు చీపురు సార్‌ని మించిన మాటొకటి అన్నాడు. నేను తలూపి, "అలాగే సార్, మంచి ఆలోచన" అన్నాను. బయటికొచ్చాక ఆ బీరువా తలుపు ధనామని వేసిన పిల్ల గుర్తొచ్చింది. నేనలా అనడం వినుంటే నన్నూ బీరువాలో పెట్టి తాళం వేసేది. ఎంత కోపం ఉండేదో దానికి! నవ్వుకుంటూ మెట్లు దిగాను గానీ, అది కాస్త ఈర్ష్యతో నవ్విన నవ్వే.