రేడియేటర్‌ల పసుపు

బాలవ్వ లారీ కొన్నదని తెలిసిననాడు ఖానాపూర్‌ల నవ్వనోళ్లు తక్కువ. పెనిమిటి అంజన్న మస్కట్‌ల ఉన్నడు, ఈమె పొద్దంత పసుపు చేన్ల ఉంటది, ఇగ లారీ ఎందుకని. ఎందుకో బాలవ్వకే తెలుసు. కిరాయి లారీ ఆయన ఇయ్యాల రేపని తిప్పుకుంట, ఉడకవెట్టి ఎండవోసి బస్తాలకెత్తిన పసుపును రెండేండ్లు వరుసగ వానల నానవెట్టిండు. అందుకని 1989ల జగిత్యాల పోయి, పాతబండ్లు అమ్మే ప్రేమ్‌సాగర్‌రావు దగ్గర ఒక మినీ లారీ కొన్నది. తోలెటందుకు తమ్ముడు రాజం ఉన్నడు.

మొదటి ఖేపుకే బండి నిజామాబాద్ మార్కెట్ చేరలే. సోన్ వంతెన దాటంగనే ఇంజన్ వేడి చూపే సూది ఎర్రగీత మీదికి పోయింది, ముందటినుంచి పొగలు లేచినయ్. రాజం తడిపిన గోనెసంచి వేసి రేడియేటర్ మూత తిప్పేసరికి మసిలే నీళ్లు ఎగజిమ్మినయ్. అతని మోచెయ్యి బొబ్బలెక్కింది, పక్కన నిలబడ్డ బాలవ్వ కొంగు తడిసింది. పైంగ బండి ఎడమదిక్కు ఒరిగి నడుస్తుంది. గుంతల పడ్డప్పుడల్లా కింద ఠంగుమని చప్పుడు.

నిర్మల్‌ల మెకానిక్ ముత్తయ్య షెడ్డుకు తెచ్చిన్రు. ముత్తయ్య పేరున్న మనిషి, ఒకల్ని ముంచేటోడు కాదు. కాని బండి చుట్టు తిరుక్కుంట మాట్లాడిందంత రాజంతోనే. నీళ్ల పంపు పోయిందన్నడు, మార్చిండు.

"నీళ్లు పచ్చగున్నయేందే అన్నా?" బాలవ్వ అడిగింది.

ముత్తయ్య ఆమె దిక్కు చూడలే. "తుప్పు తమ్మీ, పాతబండి గదా," అని రాజంకు చెప్పిండు.

"మరి గీ ఒరుగుడేంది?"

"బస్తాలు సమంగ ఎయ్యనట్టున్నరు." గిది సుత రాజంకే చెప్పిండు.

బస్తాలు దగ్గరుండి వేయించింది బాలవ్వ. పదిహేనేండ్ల సంది ఎడ్లబండికి బరువు సమంగ వేస్తున్న మనిషి. ఒళ్లు మండింది గని, పని తెలిసినోడు గదా అని ఊకున్నది. వారం తిరగకముందే బండి మళ్లా మసిలింది. ఈసారి ముత్తయ్య నీళ్ల దారిల ఉండే వాల్వు తీసి పారేశిండు. అయినా మసిలింది.

ఆ మూడోసారి ఇంటికొచ్చి, మళ్లా తడిసిన చీరెకు సబ్బువెట్టి ఉతుకుతుంటె కొంగు మీద రేడియేటర్ నీళ్లు పడ్డ పచ్చమరక ఎర్రగ మారింది. బాలవ్వ చేతులు ఆగినయ్. తుప్పుమరక సబ్బుకు రంగు మారదు. ఎర్రబడేది పసుపుమరకే. పుట్టినసంది పసుపుల బతికినామెకు గా సంగతి ఇంకొకలు చెప్పాల్నా.

రేడియేటర్‌ల పసుపు పోసి అమ్మినోడు ఇంకేమేం దాచిండో అని, చీరె అట్లనే వదిలి, రాజంతోని బండిని కల్లంల చదునుజాగల నిలవెట్టించింది. చేతిగుడ్డ పట్టుకొని బండికిందికి దూరింది. బరువు మోసే కమాన్ పట్టీలకు దట్టంగ పూసిన గ్రీజు తుడిచి లెక్కవెట్టింది. కుడిదిక్కు ఎనిమిది, ఎడమదిక్కు ఏడు. ఎడమదిక్కు పొడుగుపట్టీని ఎప్పుడో విరిగితే వెల్డింగ్ చేసి మీదికెల్లి నల్లరంగు కొట్టిన్రు. ఆ అతుకు మళ్లా నెర్రెవాసింది.

"గిది చూడనీకి మెకానికే కావాల్నార రాజం?" అన్నది.

తెల్లారి తడిచీరె తీస్కపోయి ముత్తయ్య బల్ల మీద పరిచింది. ఆయన ఎర్రమరకను చూసిండు, మారుమాట లేకుంట రేడియేటర్ పైడబ్బా ఊడదీసిండు. లోపలి సన్నగొట్టాలల్ల సగానికి పైన పచ్చటి ముద్ద గడ్డకట్టి ఉన్నది.

"కారే రేడియేటర్‌ల పసుపు పోస్తె చిల్లులు మూసుకుంటయ్. బండి అమ్ముడువోయెదాంక కారదు. ఎక్కువైతె గొట్టాలే మూసుకపోతయ్," అని అప్పుడు బాలవ్వ మొఖం చూసిండు. "తప్పైంది చెల్లె. నువ్వడిగిననాడే విప్పి చూడాల్సుండె."

"అడిగింది ఆడిది గదా, ఎట్ల చూస్తవ్," అన్నది బాలవ్వ.

గా వారమే అక్కతమ్ముడు జగిత్యాల బస్సెక్కిన్రు. ప్రేమ్‌సాగర్‌రావు కుర్చీల కూసోని బోథ్ నుంచి వచ్చిన ఒక రైతుకు ఇంకో మినీ లారీ చూపిస్తుండు.

"పాతబండి అన్నంక గివన్నీ ఉంటయ్. మీరు చూసుకునే గదా కొన్నది," అన్నడు రావు.

"చూసుకున్నం. రంగు కింద అతుకు చూడలే, గది మా తప్పు. రేడియేటర్‌ల పసుపు పోసింది ఎవల తప్పు? నా తమ్ముని చెయ్యి కాలింది. గా అతుకు ఏ ఘాట్ రోడ్డు మీదనో విరిగితె మనుషులే పోతుండిరి."

"ఆడోళ్లతోని నాకు పంచాది ఏంది? రాజం, మీ అక్కను తీస్కపో."

రాజం కదల్లే. "బండి అక్కది. ఆమెతోనే మాట్లాడున్రి," అన్నడు.

రావు మొఖం కందగడ్డ అయింది. తప్పు ఒప్పుకోలే, బండి వాపస్ తీసుకోలే. కాని ఆ బోథ్ రైతు అన్నీ ఇన్నడు. రుమాలు నడుముకు చుట్టుకొని, తను కొనవోయే లారీ కిందికి వంగి పట్టీలు లెక్కవెట్టుడు మొదలువెట్టిండు. జరసేపటికి లేచి దుమ్ము దులుపుకొని, రావుకు రాంరాం సుత చెప్పకుంట బస్టాండ్ దిక్కు నడిచిండు.

ముత్తయ్య రేడియేటర్‌కు కొత్త గొట్టాలు వేసిండు, ఎడమదిక్కు కమాన్‌కట్ట పూర్తిగ మార్చిండు. ఇప్పుడు ఏ బోల్టు విప్పినా ముందు బాలవ్వకే చూపుతుండు. తనను మెచ్చుకుంటదేమో అని ముత్తయ్య చూస్తె ఆమె మొఖంల నవ్వు లేదు. ఎవలన్న "బండి మంచిగైందటగదా" అంటె, "గా బుద్ధేదో ముత్తయ్యకు మొదలే ఉంటె నా సీజన్ సగం పోకపోవు," అంటది.

ఆరేండ్లు నడిచినంక 1995ల లారీని అమ్ముదామనుకున్నది. చెన్నూరు నుంచి ఒకాయన వచ్చి, తాళంచెవి అడిగి తీస్కొని బండి నడిపి చూసిండు. రెండో గేరు జారుతదని, వెనక తలుపు సరిగ పడదని బాలవ్వ తనంతట తనే చెప్పింది. ఆయన అంత ఇని ఇంట్లకు తొంగిచూసిండు.

"మొగోళ్లు ఎవలు లేరామ్మా? బండి సంగతి మాట్లాడాలె."

బాలవ్వ ఆయన చేతిలకెల్లి తాళంచెవి గుంజుకున్నది.

"బండి అమ్మెటిది లేదు, పో," అన్నది.

నిజంగనే అమ్మలే. ఇంకో రెండు పంటలు గా బండిల్నే మార్కెట్‌కు పోయినయ్.